రెండు జబ్బులకు ఒకే యాంటీబయాటిక్: ఎప్పుడు సరిపోతుంది, ఎప్పుడు చాలదు

ఒకే మనిషికి ఒకేసారి రెండు బాక్టీరియా జబ్బులు సోకినప్పుడు, రెండింటినీ ఒకే యాంటీబయాటిక్‌తో నయం చేయడం చాలా సందర్భాల్లో సాధ్యమే. అయితే అందుకు నాలుగు విషయాలు కలిసిరావాలి. రెండు సూక్ష్మజీవులూ ఆ మందుకు లొంగాలి. అవి దాక్కున్న రెండు చోట్లకూ మందు తగినంత చేరాలి. డోసూ, వాడే రోజులూ రెండింటికీ చాలాలి. రెండు జబ్బుల్లో ఏదీ ఒక్క మందుతో వైద్యం చేయకూడని జబ్బు కాకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా ఒక జబ్బు నయమై, రెండోది సగంలో ఆగుతుంది. పూర్తిగా వదిలేసిన జబ్బు కన్నా సగం వైద్యం జరిగిన జబ్బు కొన్నిసార్లు ఎక్కువ కీడు చేస్తుంది. కాబట్టి ఒక మందు ఎన్ని క్రిములను చంపుతుందన్న లెక్క ఒక్కటే చాలదు. ఆ మందు వాడాక ఏ జబ్బు మిగిలిపోతుందో కూడా చూడాలి.

మూడు రకాల సందర్భాలు

రెండు జబ్బులు అన్న మాట కింద మూడు వేర్వేరు పరిస్థితులు వస్తాయి. మొదటిది, ఒకే క్రిమి రెండు చోట్ల జబ్బు చేయడం. న్యుమోకాకస్ ఊపిరితిత్తుల్లో న్యుమోనియా, మెదడు పొరల్లో మెనింజైటిస్ తేవడం ఇలాంటిది. రెండోది, ఒకే చోట పలు క్రిములు చేరడం. చక్కెర వ్యాధి ఉన్నవారి కాలి పుండులో, పగిలిన అపెండిక్స్ చుట్టూ చేరే చీములో గాలి అవసరమైన బాక్టీరియా, గాలి అక్కర్లేని బాక్టీరియా కలిసే ఉంటాయి. మూడోది, సంబంధం లేని రెండు క్రిములు ఒకే మనిషికి విడివిడిగా సోకడం. గొంతు నొప్పితో పాటు మూత్రంలో మంట, ఎలుక జ్వరంతో పాటు స్క్రబ్ టైఫస్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. మొదటి సందర్భంలో చిక్కంతా మందు చేరే చోటు గురించి. రెండోదానిలో మందు ఎన్ని రకాల క్రిములపై పనిచేస్తుందన్నది ముఖ్యం. మూడోదానిలో నాలుగు షరతులూ ఎదురవుతాయి.

విస్తృత ప్రభావం ఉన్న మందుల రాక

1940ల తొలి సంవత్సరాల్లో ఈ ప్రశ్నకు పెద్దగా తావు లేదు. అప్పటి పెన్సిలిన్ ప్రధానంగా గ్రామ్ పాజిటివ్ అనే వర్గపు బాక్టీరియా మీద పనిచేసేది. 1944లో వెలువడిన స్ట్రెప్టోమైసిన్ గ్రామ్ నెగటివ్ అనే మరో వర్గపు బాక్టీరియా మీద, క్షయ క్రిమి మీద పనిచేసేది. రెండు వర్గాలకూ పనికొచ్చే మందు కోసం సాగిన వెతుకులాటలో భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుకు ముఖ్యమైన స్థానం ఉంది. ఆయన 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరి, తర్వాత పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన కింద పనిచేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ రాష్ట్రపు మట్టి నమూనాలో ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నారు. బంగారు రంగు పదార్థాన్ని ఉత్పత్తి చేసే ఆ జీవి నుంచి ఆరియోమైసిన్ తయారైంది. 1948లో లోకానికి తెలిసిన ఈ మందే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ఆరియోమైసిన్ గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ వర్గాలు రెండింటి మీదా పనిచేసింది. పెన్సిలిన్‌కు ఏమాత్రం లొంగని రికెట్సియా జాతి క్రిముల మీద కూడా పనిచేసింది. ఈ తేడాకు కారణం మందు దెబ్బతీసే చోటు. పెన్సిలిన్ బాక్టీరియా గోడ కట్టుకోకుండా అడ్డుకుంటుంది కాబట్టి గోడ లేని మైకోప్లాస్మా వంటి వాటిని అది ఏమీ చేయలేదు. మన కణాల లోపలికి చొరబడి బతికే రికెట్సియా మీదా దాని ప్రభావం ఉండదు. టెట్రాసైక్లిన్లు బాక్టీరియా తన ప్రొటీన్లు తయారు చేసుకునే రైబోజోమ్‌ను పట్టుకుంటాయి. రైబోజోమ్ అన్ని బాక్టీరియాలకూ ఉంటుంది. పైగా ఈ మందులు మన కణాల్లోకి చొచ్చుకుపోగలవు. 1967లో వాడుకలోకి వచ్చిన డాక్సీసైక్లిన్ ఈ కుటుంబానిదే. దాన్ని రోజుకు రెండు పూటలు వేసుకుంటే చాలు, ఖరీదూ తక్కువ. రెండు జబ్బులకు ఒకే మందు అన్న ప్రశ్నకు దొరికే మేలైన ఉదాహరణలు చాలావరకు ఈ మందువే.

వరి మడిలో పట్టుకునే రెండు జ్వరాలు

ఉదాహరణకు, కడప జిల్లా చాపాడు మండలం ప్రొద్దుటూరు, మైదుకూరుల మధ్య ఉంది. కర్నూలు–కడప కాలువ నీళ్లు, కుందూ నది ఒడ్డు ఉన్న వరి ప్రాంతం ఇది. నిలవ నీళ్లు, ఎలుకల బొరియలు, గట్ల మీద ఏపుగా పెరిగిన గడ్డి, పొదలు పక్కపక్కనే ఉండే ఇలాంటి నేలల్లో రెండు జ్వరాలకు అనువైన పరిస్థితులు ఏర్పడతాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో దిగి పనిచేసేవారికి కాళ్ల పగుళ్ల గుండా, గాయాల గుండా లెప్టోస్పైరా క్రిమి ఒంట్లోకి చేరుతుంది. ఎలుక జ్వరం అంటే ఇదే. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి పిల్లలు కుట్టినప్పుడు, రికెట్సియా కోవకు చెందిన ఓరియెన్షియా సుత్సుగముషి అనే క్రిమి చేరుతుంది. దానివల్ల వచ్చేది స్క్రబ్ టైఫస్. వానాకాలం నుంచి చలికాలం దాకా ఈ కేసులు ఎక్కువ.

తిరుపతి స్విమ్స్ వైద్యులు ఆంధ్రప్రదేశ్ దక్షిణ జిల్లాల్లో వచ్చిన స్క్రబ్ టైఫస్‌ను, హైదరాబాద్ నిమ్స్ వైద్యులు తమ ఆసుపత్రికి వచ్చిన రోగుల్లో దాన్ని పరిశీలించి, 2010ల్లో వైద్య పత్రికల్లో ప్రచురించారు. నల్లి కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, దాని చుట్టూ ఎర్రటి అంచు ఏర్పడుతుంది. అది నొప్పి పెట్టదు, దురద పెట్టదు. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, మొలతాడు కట్టే చోట దాక్కుని ఉంటుంది. అందుకే రోగికి అది ఉన్నట్టే తెలియదు. బట్టలు సడలించి వెతికితేనే వైద్యుడికి కనిపిస్తుంది. అందరిలోనూ పెచ్చు ఉండదు. పెచ్చు లేనప్పుడు స్క్రబ్ టైఫస్‌ను ఎలుక జ్వరం నుంచి, టైఫాయిడ్ నుంచి, డెంగీ నుంచి లక్షణాలను బట్టి విడదీయడం కష్టం. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, తగ్గిన ప్లేట్‌లెట్లు, పెరిగిన కాలేయ ఎంజైములు అన్నింటిలోనూ కనిపించవచ్చు.

ఒక్క మందు రెండు జబ్బులకూ చాలడం ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. తీవ్రం కాని ఎలుక జ్వరానికి పెద్దవారిలో డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 7 రోజులు వాడతారు. స్క్రబ్ టైఫస్‌కు భారత వైద్య పరిశోధన మండలి 2015 మార్గదర్శకాలు సూచించినదీ అదే డోసు, అన్నే రోజులు. కాబట్టి రెండు జబ్బులూ ఉన్నా, రెండింటిలో ఏది ఉందో తేలకపోయినా ఒకే కోర్సు సరిపోతుంది.

థాయిలాండ్‌లో ఈ విషయాన్నే నేరుగా పరీక్షించారు. 2007లో ప్రచురితమైన ఆ పరిశీలనలో కారణం తెలియని జ్వరంతో వచ్చిన 296 మందిలో కొందరికి డాక్సీసైక్లిన్, మిగతావారికి 3 రోజుల అజిత్రోమైసిన్ ఇచ్చారు. తర్వాత చేసిన పరీక్షల్లో 11 మందికి ఎలుక జ్వరం, రికెట్సియా జాతి జ్వరం రెండూ ఉన్నట్టు తేలింది. రెండు మందులూ దాదాపు సమానంగా పనిచేశాయి. అజిత్రోమైసిన్‌తో ఇబ్బందులు తక్కువగా కనిపించాయి. గర్భిణులకు డాక్సీసైక్లిన్ సాధారణంగా ఇవ్వరు కాబట్టి ఈ ఫలితం వారికి ముఖ్యం. గర్భిణుల్లో స్క్రబ్ టైఫస్‌కు భారతీయ మార్గదర్శకాలు సూచించేది కూడా అజిత్రోమైసిన్‌నే.

జబ్బు ముదిరితే లెక్క మారుతుంది. ఎలుక జ్వరంలో కామెర్లు, కిడ్నీల వైఫల్యం వచ్చినవారికి నరం ద్వారా పెన్సిలిన్ గానీ సెఫ్ట్రియాక్సోన్ గానీ ఇస్తారు. ఈ రెండూ స్క్రబ్ టైఫస్ మీద పనిచేయవు. స్క్రబ్ టైఫస్ తీవ్రమైతే దానికి కూడా ఒక్క మందు చాలకపోవచ్చు. భారతదేశంలోని 7 ఆసుపత్రుల్లో 794 మంది రోగులతో జరిగి, 2023లో ప్రచురితమైన పరీక్షలో నరం ద్వారా డాక్సీసైక్లిన్ ఒక్కటే, అజిత్రోమైసిన్ ఒక్కటే, రెండూ కలిపి అని మూడు గుంపులుగా ఇచ్చి చూశారు. మరణం, ఏడో రోజుకూ తగ్గని అవయవ సమస్యలు, అయిదో రోజుకూ తగ్గని జ్వరం అనే మూడింటినీ కలిపి లెక్కిస్తే, రెండు మందులూ తీసుకున్నవారిలో 33 శాతం మందిలో ఇవి కనిపించాయి. ఒక్క మందు తీసుకున్న గుంపుల్లో అది 47, 48 శాతం. మరణాల్లో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు. మామూలు దశలో రెండు జబ్బులకు ఒక మందు చాలిన చోటే, తీవ్ర దశలో ఒక జబ్బుకు రెండు మందులు కావలసి రావచ్చు.

టైఫాయిడ్ కలిసినప్పుడు

పల్లెల్లో జ్వరం వచ్చినవారికి టైఫాయిడ్, మలేరియా రెండూ ఉన్నాయని చెప్పి, సెలైన్ సీసాతో పాటు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ ఇవ్వడం తరచూ జరిగే పని. చాలాసార్లు దీనికి ఆధారం ఒక్క వైడాల్ పరీక్షే. అది రక్తంలోని ప్రతిరక్షకాలను చూపిస్తుంది తప్ప క్రిమిని కాదు. పాత జబ్బు వల్లా, టీకా వల్లా, వేరే జ్వరాల్లోనూ అది పాజిటివ్ రావచ్చు. టైఫాయిడ్‌ను నిజంగా నిర్ధారించేది మందు మొదలుపెట్టక ముందు తీసిన రక్తం కల్చర్.

సెఫ్ట్రియాక్సోన్ టైఫాయిడ్‌కు మంచి మందు, ఎలుక జ్వరానికీ పనిచేస్తుంది. కానీ స్క్రబ్ టైఫస్‌ను తాకదు. ఇంజెక్షన్లు మొదలై రోజులు గడిచినా జ్వరం దిగకపోతే, అసలు జబ్బు స్క్రబ్ టైఫస్ కావచ్చనో, టైఫాయిడ్‌తో పాటు అదీ ఉందనో అనుమానించాలి. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాక స్క్రబ్ టైఫస్ జ్వరం సాధారణంగా 48 గంటల్లో దిగుతుంది. అప్పటికీ దిగకపోతే నిర్ధారణను మళ్లీ చూసుకోవాలి. డాక్సీసైక్లిన్‌ను ఇప్పుడు టైఫాయిడ్‌కు నమ్మదగిన మందుగా ఎంచరు.

టైఫాయిడ్‌నూ, స్క్రబ్ టైఫస్‌నూ కలిపి పట్టగలిగేది అజిత్రోమైసిన్. అయితే ఇక్కడ గడువులు వేరు. స్క్రబ్ టైఫస్‌కు 500 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులు చాలుతుంది. టైఫాయిడ్‌కు సాధారణంగా 7 రోజులు కావాలి, రోజువారీ డోసు కూడా 1 గ్రాము దాకా ఉంటుంది. రెండూ ఉన్న రోగికి పెద్ద డోసూ, ఎక్కువ రోజులూ పాటించాలి. అయిదో రోజుకు జ్వరం పోయిందని ఆపేస్తే స్క్రబ్ టైఫస్ నయమైనా టైఫాయిడ్ తిరగబెట్టవచ్చు.

మందు చేరే చోటు

క్రిమి మందుకు లొంగుతుందని ల్యాబ్ రిపోర్టులో ఉన్నా, ఆ మందు ఆ చోటికి చేరకపోతే ఫలితం లేదు. నైట్రోఫ్యూరాంటోయిన్ మూత్రంలో బాగా పేరుకుంటుంది కాబట్టి మూత్రాశయపు ఇన్ఫెక్షన్‌కు మంచి మందు. రక్తంలో, కిడ్నీ కణజాలంలో దాని మోతాదు చాలదు. అదే క్రిమి మూత్రాశయం నుంచి కిడ్నీకి పాకితే అదే మందు పనికిరాదు. గొంతుకో చర్మానికో ఉన్న ఇన్ఫెక్షన్‌కు దాన్ని లెక్కలోకి తీసుకోరు. డాప్టోమైసిన్ రక్తంలోని స్టాఫిలోకాకస్‌ను చంపుతుంది. ఊపిరితిత్తుల్లో ఉండే సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థం దాన్ని పనిచేయకుండా చేస్తుంది కాబట్టి న్యుమోనియాకు వాడరు.

వాంకోమైసిన్ ఇంకో రకం ఉదాహరణ. నోటి ద్వారా ఇస్తే అది పేగులోనే ఉండిపోతుంది. పెద్దపేగుకు సోకే క్లాస్ట్రిడియాయిడీస్ డిఫిసిల్ జబ్బుకు అలాగే ఇస్తారు. నరం ద్వారా ఇస్తే రక్తంలోని, ఎముకల్లోని స్టాఫిలోకాకస్ మీద పనిచేస్తుంది గానీ పేగులోకి తగినంత రాదు. రెండు జబ్బులూ ఉన్న రోగికి ఒకే మందును రెండు దారుల్లో ఇవ్వాలి. మందు పేరు ఒకటే అయినా అవి రెండు వైద్యాలు.

చీముగడ్డల సంగతి కూడా ఇదే. చుట్టూ గోడ కట్టిన గడ్డలోకి చాలా మందులు సరిగా దిగవు. చీము తీసేయకుండా యాంటీబయాటిక్ ఒక్కదాని మీదే ఆధారపడితే, అదే మందుకు మరోచోటి జబ్బు తగ్గినా గడ్డ మిగిలిపోవచ్చు.

డోసు, గడువు

రెండు జబ్బులకూ ఒకే మందు పనిచేసేటప్పుడు ఎక్కువ డోసు, ఎక్కువ రోజులు కోరే జబ్బు కోర్సును నిర్ణయిస్తుంది. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే గొంతు ఇన్ఫెక్షన్‌కు అమోక్సిసిలిన్ 10 రోజులు ఇవ్వడం రివాజు. రుమాటిక్ జ్వరాన్ని, దాని వెనక వచ్చే గుండె కవాటాల జబ్బును ఆపడానికి ఈ గడువు. అదే అమోక్సిసిలిన్‌ను మామూలు న్యుమోనియాకు చాలాసార్లు 5 రోజులతో ముగిస్తారు. గుండె కవాటానికే ఇన్ఫెక్షన్ వస్తే 4 నుంచి 6 వారాలు నరం ద్వారా మందు ఎక్కించాలి.

సామూహిక వైద్యంలోనూ ఈ చిక్కు ఎదురైంది. కంటి జబ్బు ట్రాకోమాకు, చర్మానికి సోకే యాస్‌కు రెండింటికీ ఒక్క విడత అజిత్రోమైసిన్ చాలుతుంది. కానీ ట్రాకోమాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన డోసు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు, యాస్‌కు 30. రెండు జబ్బులూ ఉన్న ఊళ్లలో ఏ డోసు పంచాలన్నది ప్రత్యేకంగా తేల్చుకోవలసిన విషయమైంది. భారత్‌కు ఇప్పుడు ఆ బెడద లేదు. యాస్ నుంచి 2016లో విముక్తి గుర్తింపు వచ్చింది, ట్రాకోమాను ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు 2024లో గుర్తింపు వచ్చింది.

సగం వైద్యం తెచ్చే ముప్పు

ఒక జబ్బుకు ఇచ్చిన మందు అనుకోకుండా రెండో జబ్బును కొంతమేర తాకడం అన్నింటికన్నా ప్రమాదకరం. క్షయ దీనికి ముఖ్య ఉదాహరణ. రిఫాంపిసిన్ క్షయకూ, కుష్ఠుకూ రెండింటికీ మూలమైన మందు. కుష్ఠుకు దాన్ని నెలకు ఒక్కసారి, డాప్సోన్, క్లోఫజిమిన్‌లతో కలిపి ఇస్తారు. అదే రోగికి బయటపడని క్షయ ఉంటే, నెలకోసారి పడే ఆ రిఫాంపిసిన్ క్షయ క్రిములను పూర్తిగా చంపదు, వాటిలో మందుకు లొంగని వాటిని ఏరి మిగులుస్తుంది. రెండు జబ్బులూ తేలినప్పుడు క్షయకు రోజూ ఇచ్చే పూర్తి చికిత్స మొదలుపెడతారు. అందులో రిఫాంపిసిన్ రోజూ ఉంటుంది కాబట్టి కుష్ఠు ప్యాక్‌లోని నెలవారీ రిఫాంపిసిన్ మానేసి మిగతా రెండు మందులను కొనసాగిస్తారు. ఒక మందు రెండు జబ్బులకూ పనిచేయడం ఇక్కడ నిజమే. అయితే అది క్షయ నియమాల ప్రకారం, తోడు మందులతో కలిసి ఉంటేనే.

న్యుమోనియా అనుకుని లెవోఫ్లాక్సాసిన్ ఇచ్చినప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది. ఆ మందుకు క్షయ మీద ప్రభావం ఉంది. దగ్గు, జ్వరం కొన్నాళ్లు తగ్గుతాయి, కఫం పరీక్షలో క్రిమి కనపడకపోవచ్చు, అసలు జబ్బు వారాల తరబడి మరుగున పడుతుంది. అందుకే రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారికి ఈ వర్గం మందులు మొదలుపెట్టే ముందు కఫం పరీక్ష చేయించాలి. పెన్సిలిన్ తొలినాళ్లలో గనేరియాకు ఇచ్చిన కొద్ది డోసు, అప్పుడే లోపల మొదలవుతున్న సిఫిలిస్ లక్షణాలను కప్పేస్తుందన్న ఆందోళన వైద్యులకు ఉండేది.

బాక్టీరియా కాని క్రిములు

వైరస్‌ల మీద యాంటీబయాటిక్ పనిచేయదు. డెంగీ, స్క్రబ్ టైఫస్ కలిసి వచ్చినవారిలో డాక్సీసైక్లిన్ రెండోదాన్నే తగ్గిస్తుంది. డెంగీకి ద్రవాలు, పర్యవేక్షణే ఆధారం. మలేరియా పరాన్నజీవి మీద డాక్సీసైక్లిన్‌కు కొంత ప్రభావం ఉంది గానీ నెమ్మదిగా పనిచేస్తుంది. అందువల్ల మలేరియాకు దాన్ని ఒంటరిగా ఇవ్వరు, వేగంగా పనిచేసే మందుకు తోడుగా మాత్రమే వాడతారు.

కొన్ని మందులు ఈ హద్దులు దాటుతాయి. మెట్రోనిడజోల్ గాలి అక్కర్లేని బాక్టీరియాతో పాటు అమీబా, జియార్డియా, ట్రైకోమోనాస్ వంటి ఏకకణ జీవులను కూడా చంపుతుంది. స్త్రీలలో బాక్టీరియల్ వజైనోసిస్, ట్రైకోమోనాస్ రెండూ ఉంటే 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 7 రోజులు అనే ఒకే కోర్సు రెండింటికీ సరిపోతుంది. కోట్రైమోక్సజోల్ క్రిములు ఫోలేట్ తయారు చేసుకునే దారిని రెండు చోట్ల మూసేస్తుంది. హెచ్‌ఐవీ వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారికి రోజూ వేసే ఈ మాత్ర న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ నుంచి, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి నుంచి, కొన్ని బాక్టీరియా జబ్బుల నుంచి కాపాడుతుంది. ఇది మినహాయింపే. మామూలు ఫంగస్ ఇన్ఫెక్షన్లు యాంటీబయాటిక్‌లకు తగ్గవు. శరీరంలోని మేలు చేసే బాక్టీరియా చచ్చిపోవడంతో కొన్ని పెరుగుతాయి కూడా.

ఒక ప్యాకెట్, రెండు మందులు

ఒకే మాత్రతో రెండు జబ్బులు తగ్గాయని రోగి అనుకునే చోట చాలాసార్లు ఆ మాత్రలో రెండు మందులు ఉంటాయి. విరేచనాలకు షాపుల్లో విరివిగా అమ్ముడుపోయే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ మిశ్రమం అలాంటిదే. ఒకటి బాక్టీరియాకు, రెండోది అమీబాకు. విరేచనాలు ఎక్కువగా వైరస్ వల్లనో, కలుషిత ఆహారం వల్లనో వచ్చి వాటంతటవే తగ్గుతాయి. అప్పుడు రెండు మందులూ వృథా, వాటికి క్రిములు అలవాటు పడటం అదనపు నష్టం.

ఆలోచించి కూర్చిన జతలు వేరు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ సుఖవ్యాధులకు రంగుల కిట్లు తయారుచేయించి సురక్ష క్లినిక్‌ల ద్వారా అందిస్తోంది. బూడిద రంగు కిట్‌లో గనేరియాకు సెఫిగ్జిమ్ 400 మిల్లీగ్రాములు, క్లమీడియాకు అజిత్రోమైసిన్ 1 గ్రాము ఉంటాయి. ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్‌తో పాటు ఫంగస్ మందు ఫ్లూకోనజోల్ ఉంటుంది. ఈ జబ్బులు జంటగా వచ్చే అవకాశం ఎక్కువ, ఒక్క మందు రెండింటినీ నమ్మకంగా నయం చేయలేదు, రోగి మళ్లీ వస్తాడన్న హామీ లేదు. ఈ మూడు కారణాలతో ఏర్పడిన పద్ధతి అది.

నిర్ణయం ఎలా

రెండు జబ్బులు ఉన్నాయని తేలినప్పుడు వైద్యుడు ముందు రెండు నమూనాలనూ విడిగా పరీక్షకు పంపుతాడు. మూత్రానికి మూత్ర కల్చర్, జ్వరానికి రక్తం కల్చర్, స్క్రబ్ టైఫస్‌కు ఐజీఎం ఎలైజా అనే రక్త పరీక్ష. రెండు నివేదికల్లోనూ ఉమ్మడిగా పనిచేసే మందులను చూసి, వాటిలో రెండు చోట్లకూ చేరేవాటిని, రోగి వయసు, గర్భం, కిడ్నీ, కాలేయం స్థితికి తగినవాటిని మిగులుస్తాడు. మిగిలినవాటిలో తక్కువ రకాల క్రిముల మీద పనిచేసేదాన్ని ఎంచుకోవడం మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మొదట వాడదగినవి, జాగ్రత్తగా వాడవలసినవి, చివరికి దాచుకోవలసినవి అని మూడు వర్గాలు చేసింది. డాక్సీసైక్లిన్ మొదటి వర్గంలో, అజిత్రోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్ రెండో వర్గంలో ఉన్నాయి. భారత్‌లో 2014 మార్చి నుంచి సెఫ్ట్రియాక్సోన్ వంటివి, క్షయ మందులు హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ షాపు రిజిస్టరులో రాయాలి.

ఒక్క మందు చాలినప్పుడు లాభాలు చాలా ఉన్నాయి. ఖర్చు తగ్గుతుంది, మందుల మధ్య గొడవ ఉండదు, రోగి కోర్సు పూర్తి చేసే అవకాశం పెరుగుతుంది. నాలుగు షరతుల్లో ఒకటి తప్పినా రెండు మందులే మేలు. రోగి వైపు నుంచి కావలసినవి కొన్నే. రెండో బాధ ఏదైనా ఉంటే దాచకుండా చెప్పడం, అంతకు ముందు ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న ఇంజెక్షన్ల వివరాలు చెప్పడం, గర్భం సంగతి చెప్పడం. ఒక జబ్బుకు ఇచ్చిన మాత్రలు మిగుల్చుకుని ఇంకో జబ్బుకు వాడకూడదు. డాక్సీసైక్లిన్‌ను గ్లాసుడు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోకూడదు, ఐరన్ మాత్రలతో గానీ, గ్యాస్ మందులతో గానీ కలిపి వేసుకోకూడదు. రెండు జబ్బుల్లో తొందరగా తగ్గేదాన్ని బట్టి మందు ఆపకూడదు. ఎక్కువ రోజులు కోరే జబ్బుకు రాసిన గడువు పూర్తయ్యాకే కోర్సు ముగిసినట్టు.